నాలుగు తిట్లు రాసి పంపు అన్నయ్యా

ఆగస్టు 3

మొద్దుకి,

ఇక్కడ నేను క్షేమం. మోకాలు క్షేమం కాదు, గొంతు సగం క్షేమం.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని బావ నవ్వుతాడని తెలుసు. ఫోన్లో నీ గొంతు శ్రుతి తగ్గి వినిపిస్తుంది. దాన్ని మనసులో సరిచేసుకుంటూ కూర్చుంటాను, మాటలు చెవికెక్కవు. కిందటిసారి నువ్వు ఏదో పెళ్ళి అన్నావు, నేను సరే సరే అన్నాను. ఎవరి పెళ్ళో ఇప్పటికీ తెలీదు.

అసలు విషయానికొస్తాను. నా దగ్గర చిన్నప్పటి నుంచీ నేర్చుకుంటున్న అమ్మాయి ఒకతె మీ ఊరు వస్తోంది. అందరూ పిట్ట అంటారు. మనిషి పిట్టంతే ఉంటుంది, గొంతు విప్పితే మా మేడగది చాలదు. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. ఆ ల్యాబు వాళ్ళు మీ ఊళ్ళో కొత్తగా ఒకటి తెరిచి ఈ పిల్లని అక్కడికి వేశారు. మీ ఇంట్లో మేడ మీద గది ఖాళీగా ఉందన్నావు కదా, అందులో ఉంచు. నవంబరులో మీ సభలో తన మొదటి కచేరీ. కార్యదర్శితో మాట్లాడేశాను. వయొలిన్ నువ్వు, మృదంగం మీ మరిది.

నా దగ్గర ఇన్నేళ్ళలో నేర్చుకున్నవాళ్ళు బోలెడుమంది. కొందరు పెళ్ళయి మానేశారు, కొందరు ఉద్యోగాలొచ్చి మానేశారు, కొందరిని నేనే మాన్పించాను. నాన్న నాకు చెప్పింది చెప్పినట్టు చేరింది ఈ ఒక్క పిల్లకే. రోజంతా ల్యాబులో నిలబడి, సాయంత్రం వచ్చి పాడుతుంది. కచేరీ కుదిరితే పాట నిలబడుతుంది. చెడితే ఇంక పాడనని నాతో అనేసింది. అంటే చేస్తుంది, మొండిఘటం. అప్పుడు నా దగ్గర మిగిలేది కింద దర్జీ మిషను చప్పుడొక్కటే.

రోజూ గంటసేపు కూర్చోబెట్టి పాడించు. నీ వయొలిన్‌కి పై తీగ మార్చు, కిందటి కచేరీలో అది ఏడ్చింది.

నీ అన్నయ్య

ఆగస్టు 14

అన్నయ్యకి నమస్కారాలు.

పెళ్ళి మా ఆడపడుచు కూతురిది. అయిపోయింది. నువ్వు సరే అన్నావు కదా అని ముందు వరసలో నీకో కుర్చీ ఉంచారు. చివరిదాకా అందులో ఎవరినీ కూర్చోనివ్వలేదు.

పిట్ట వచ్చింది. ఒక చేతిలో బట్టల పెట్టె, ఇంకో చేతిలో శ్రుతి పెట్టె. మొదటి సాయంత్రమే హాల్లో కూర్చోబెట్టి పాడమన్నాను. కల్యాణి అందుకుంది. మీ బావ పేపరు దించి విన్నారు. ఆయన పేపరు దించడం మా పెళ్ళయిన కొత్తలో చూశాను, మళ్ళీ ఇప్పుడే.

పాట కాగానే వయొలిన్ పక్కన పెట్టి "ఎంత బాగా పాడావు తల్లీ" అన్నాను. పిల్ల మొహం పాలిపోయింది.

"ఎక్కడ తప్పింది అత్తయ్యా?" అంది.

"ఎక్కడా తప్పలేదమ్మా, అద్భుతం" అన్నాను.

"సరే అత్తయ్యా" అని మేడెక్కిపోయింది. భోజనానికి దిగలేదు.

కొత్త చోటు, బెంగపెట్టుకుందని మర్నాడు ఇంకాస్త ఎక్కువ మెచ్చుకున్నాను. పిల్ల ఇంకాస్త ముడుచుకుపోయింది. ఇలా కాదని గురువారం ఇరుగుపొరుగుని పిలిచాను. పక్కింటి లెక్చరరు దంపతులు, ఎదురింటి వాళ్ళు అందరూ వచ్చారు. పాటపాటకీ చప్పట్లు కొట్టారు. లెక్చరరుగారైతే లేచి నిలబడ్డారు. శుక్రవారం పొద్దున మేడ మీదికి వెళ్ళి చూస్తే పిట్ట పెట్టె సర్దుకుంటోంది. "రైళ్ళు ఎన్నింటికి ఉన్నాయత్తయ్యా?" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

మీ బావ ముందు అజీర్ణం అన్నారు. తర్వాత ప్రేమ అన్నారు. ఆయనకి ఈ రెండూ తప్ప వేరే జబ్బులు తెలీవు.

నిజం చెప్పు అన్నయ్యా, ఆ పిల్లని కొట్టేవాడివా? మంచి మాట వింటే మనిషి అంత బెదిరిపోవడం నేనెక్కడా చూడలేదు. ప్రస్తుతానికి పెట్టెని నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

చెల్లి

ఆగస్టు 21

ఒసేయ్ మొద్దూ, కొంప ముంచావు కదే!

నేనెవరినీ కొట్టను. తిడతాను. తిడుతున్నానంటే ఇంకా ఆశ ఉందని. మా గదిలో ఇది అందరికీ తెలుసు కాబట్టి నీకు రాయాలని తోచలేదు. ఊపిరి పీల్చుకోవాలని ఎవరైనా ఉత్తరం రాస్తారా?

ఇప్పుడు రాస్తున్నాను, రెండుసార్లు చదువుకో. నేనేమీ అనలేదంటే పాట నడుస్తోందని. గాడిదా అన్నానంటే బాగానే ఉందని. తాతముత్తాతల దాకా వెళ్ళానంటే ఆ రోజు నిజంగా పాట పండిందని, ఇంకా పైకి వెళ్ళే దమ్ముందని. కిందటేడు పిట్ట భైరవి పాడిన రోజున దాని ముత్తాతని కూడా వదల్లేదు. ఇంటికెళ్ళి వీధంతా మిఠాయి పంచిందట.

మెచ్చుకోవడం వేరే వ్యవహారం. ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు కొడుకు ఒకడు నా దగ్గర చేరాడు. వాడి గొంతులో శ్రుతి నిలవదు, అది వాడి తప్పు కాదు. వెళ్ళిపొమ్మనడానికి నాకు మొహమాటం. "చాలా బాగా పాడుతున్నారండీ, ఇంక నేను మీకు నేర్పేదేమీ లేదు" అన్నాను. సంతోషంగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత డాక్టరుగారి భార్య. ఆ తర్వాత ఇంకొందరు. నేను మెచ్చుకున్నవాళ్ళెవరూ మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. ఇదంతా పిట్ట మూల కూర్చుని చూసింది. ఎవరినైనా నేను "అండీ" అంటే చాలు, వాళ్ళ చెప్పులు ఎక్కడున్నాయో వెతికి పెట్టేది.

అలాంటి పిల్లని నువ్వు అద్భుతం అన్నావు. చాలదన్నట్టు నలుగురిని పిలిచి చప్పట్లు కొట్టించావు. దానికది ఊరంతా కలిసి మెడపట్టి గెంటినట్టు.

ఈ ఉత్తరం అందగానే తిట్టు. ఆలస్యం చేయకు.

నీ అన్నయ్య

సెప్టెంబరు 2

అన్నయ్యకి,

ఇది నీ లెక్క, లోకం లెక్క కాదు. చిన్నప్పుడు నాన్న నిన్ను తిట్టేవాడు, నన్ను రోజూ "బాగుందమ్మా" అనేవాడు. నీ లెక్కన నాన్న నన్ను వదిలేసినట్టా? నన్ను మెచ్చుకుంటుంటే గోడవారన నిలబడి కుళ్ళుకుని నువ్వు కనిపెట్టిన సిద్ధాంతం ఇదని నా అనుమానం. దీనికి జవాబు రాయాలి.

పోనీ తిడదామంటే నాకు చేతకావడం లేదు. మా సంగీత పాఠశాలలో పిల్లల్ని ఒక్క మాటంటే తల్లిదండ్రులు ప్రిన్సిపాల్ గదిలో ఉంటారు. మొన్న ఒకడు తోడి పాడితే కిటికీ మీది పావురం లేచిపోయింది. "నీ ప్రయత్నం చాలా బాగుంది నాన్నా" అన్నాను. నాలుక అలా తిరిగిపోయింది.

సోమవారం గట్టిగా ఊపిరి పీల్చుకుని పిట్టతో "అంత బాగాలేదేమో తల్లీ" అన్నాను. అని ఊరుకోలేక "అలసిపోయినట్టున్నావు, పాలు తాగుతావా?" అన్నాను. ఆ పిల్ల "మొహమాటపడకండత్తయ్యా, నాకు అర్థమైంది" అంది.

మీ బావనైతే తిట్టగలను. ముప్పై ఏళ్ళ సాధన. అందుకని మంగళవారం ఆయన్ని పిట్ట వెనకాల నిలబెట్టి, ఆయన మొహం చూస్తూ పిట్టని తిట్టాను. ధారగా వచ్చింది. కానీ మధ్యలో తడి తువ్వాలు మంచం మీద పడేసే సంగతి దొర్లింది. పిట్ట అయోమయంగా "నేను పడేయలేదత్తయ్యా" అంది. మీ బావ తువ్వాలు తీయడానికి వెళ్ళిపోయారు.

పిల్ల పాడుతోంది, కానీ గొంతు రోజురోజుకీ తగ్గుతోంది. ల్యాబు నుంచి రావడం ఆలస్యం చేస్తోంది. కచేరీ ఎవరికైనా ఇచ్చేయమని కార్యదర్శికి చెప్పమంటోంది. నేను వినబడనట్టు వంటింట్లోకి వెళ్ళాను.

కాబట్టి నాలుగు తిట్లు రాసి పంపు అన్నయ్యా. ఏది ఎప్పుడు తిట్టాలో కూడా రాయి.

చెల్లి

సెప్టెంబరు 9

మొద్దుకి,

నాన్న సంగతికి జవాబు రాయను.

తిట్లు ఇవి. రాగం మొదలుపెట్టి నసుగుతుంటే, "ఏమే, రాగం అంటే నీ మేనత్తనుకున్నావా, గుమ్మంలో నిలబడి బతిమాలగానే రావడానికి? లోపలికెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కురా!"

పై స్థాయికి వెళ్ళడానికి జంకితే, "అటకెక్కమంటే నిచ్చెన కింద కూర్చుని ఏడ్చే మొహమూ నువ్వూనూ."

స్వరాలు తొందరపడితే, "ఎక్కడికే ఆ పరుగు? వెనకాల కుక్క పడిందా?"

తాళం జారితే, ఇది పెద్దది, జాగ్రత్త. "అది తాళమా, పక్కింటివాడి తలుపు బాదడమా? ఆ చేతులేసుకుని సంగీతంలోకి రమ్మని నిన్నెవరు బొట్టుపెట్టి పిలిచారు? పోయి రేకు డబ్బాలు చేసుకో, ఆ చప్పుడుకి అర్థమైనా ఉంటుంది."

కాగితం చూసి చదవకు. తిట్టేటప్పుడు ఎవరిని తిడుతున్నావో వాళ్ళ కళ్ళలోకి చూడు. తిట్టాక అదే చోటు నుంచి మళ్ళీ పాడించు. పాలు ఇవ్వకు.

నీ అన్నయ్య

సెప్టెంబరు 20

అన్నయ్యకి,

ముందు మంచి వార్త. నీ కాగితాన్ని నా స్వరాల స్టాండుకి క్లిప్పు పెట్టి తగిలించాను. బుధవారం పిట్ట రాగం దగ్గర నసిగింది. మేనత్త తిట్టు చదివేశాను. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను, నవ్వుతోంది. మళ్ళీ అందుకుంది చూడు, మీ బావ పేపరు మడిచి పక్కన పెట్టేశారు. ఆ రాత్రి మారు వడ్డించుకుని తిన్నది. పెట్టె తాళంచెవి అడగడం మానేసింది. కచేరీ పాటలు తనే ఎంచుకుంటోంది.

ఇప్పుడు రెండోది.

ఆదివారం మా మరిది మృదంగం తీసుకుని సాధనకి వచ్చాడు. ముప్పై ఏళ్ళలో "వదినా" అనే మాట తప్ప నా ఎదుట ఎదురుమాట ఎత్తని మనిషి. రెండో పాటలో పిట్ట తాళం జార్చింది. నేను కళ్ళజోడు సర్దుకుని, కాగితం మీంచి చూపు ఎత్తకుండా, తాళం తిట్టు మొదటి నుంచి చివరిదాకా చదివాను. గట్టిగానే చదివాను. బుధవారం నుంచీ ధైర్యం పెరిగింది కదా.

చదివి తలెత్తేసరికి మృదంగం ఆగిపోయి ఉంది. పిట్ట తలొంచుకుని నవ్వుకుంటోంది. మరిది మృదంగానికి గలీబు తొడుగుతున్నాడు.

"ఎక్కడికయ్యా?" అన్నాను.

"రేకు డబ్బాలు ఎక్కడ చేస్తారో కనుక్కోవాలి వదినా" అని వెళ్ళిపోయాడు.

నిన్ను కాదయ్యా అని వీధి చివరిదాకా వెంటపడ్డాను. "చేతులున్నది నాకే కదా వదినా, ఆ అమ్మాయి పాడుతోంది" అన్నాడు. నాలుగు రోజులైంది. తోడికోడలు కూడా మాట్లాడటం లేదు. వేరే మృదంగం వాళ్ళని అడిగితే నవంబరంతా ఖాళీ లేరు. మృదంగం లేకుండా మొదటి కచేరీ ఏమిటి?

నీ తిట్లతో ఒక పాట నిలబడింది, ఒక సంసారం విడిపోయింది. ఏం చేయమంటావు?

చెల్లి

సెప్టెంబరు 27

గౌరవనీయులైన సోదరిగారికి,

తమరి లేఖ అందినది. కాగితం చూసి చదవవద్దని నేను వ్రాసిన వాక్యం తమరి దాకా చేరినట్టు లేదు. తపాలా శాఖవారు ఆ ఒక్క వాక్యాన్ని దారిలో పారవేసి ఉందురు. తమరి ఓర్పుకు, నేర్పుకు అభినందనలు.

ఇంక చాలు, ఈ భాష రాస్తుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

కంగారుపడకు, మీ మరిదికి నేనే ఉత్తరం రాశాను. రెండు పేజీలు. ఆయన చేతిలో మృదంగం మాట్లాడుతుందని, అంత హాయిగా వాయించే మనిషిని నేను చూడలేదని, ఆయన పక్కన కూర్చుని పాడటం నా అదృష్టమని రాశాను. అబద్ధం ఒక్క ముక్క లేదు. దెబ్బకి దిగొస్తాడు చూడు.

శనివారం ఇక్కడి టౌన్‌హాల్లో నాకు సన్మానం చేశారు. ఆరుగురు మాట్లాడారు. ఒకాయన సముద్రం అన్నాడు, ఒకాయన పర్వతం అన్నాడు, ఆ తర్వాతి ఆయనకి ఏమీ మిగలక ఆకాశం అన్నాడు. చివర్లో నేనో పాట పాడాను. చరణం సగంలో గొంతు పట్టేసి ఉత్త గాలి వచ్చింది. కిందికి దిగితే అందరూ అమోఘం అన్నారు. ఇంటికొచ్చి రెండు రోజులు లేవలేదు. మోకాలి నొప్పి.

నీ అన్నయ్య

అక్టోబరు 8

అన్నయ్యా,

ఏం రాశావయ్యా బాబూ!

మరిది నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించాడు, మరణవార్త చూపించినట్టు. నిన్న మా ఇంటికొచ్చి మీ బావ ముందు కూర్చున్నాడు.

"పదేళ్ళు ఆయన పక్కన వాయించానన్నయ్యా" అన్నాడు మీ బావతో. "వాన పడ్డ రేకుల కప్పు అన్నాడు. పెళ్ళికొచ్చిన గుర్రం అన్నాడు. ఒకసారి రైల్లో నన్ను వేరే పెట్టెలో కూర్చోమన్నాడు. ఒక్కనాడు బాగుందనలేదు. ఆ మనిషి ఇప్పుడు రెండు పేజీలు మెచ్చుకున్నాడంటే నాకు తెలీదా? నా పని అయిపోయింది."

మీ బావ ఓదారుద్దామని "లేదురా, నువ్వు బాగా వాయిస్తావు" అన్నారు. "చూశావా, నువ్వు కూడా!" అని లేచి వెళ్ళిపోయాడు.

మృదంగం అలమర మీదికెక్కింది. మనిషి మంచమెక్కాడు. నాకు అలవాటు లేని తిట్టు, నీకు అలవాటు లేని మెప్పు, రెండూ కలిసి అతన్ని ముంచాయి. పిట్టకి మాత్రం ఈ గొడవంతా నచ్చినట్టుంది. "మాస్టారు మామయ్యని నిజంగా మెచ్చుకున్నారా? పాపం!" అంది.

వెంటనే ఏదో ఒకటి చెయ్యి. కచేరీకి నువ్వు ఏ రోజు బయల్దేరుతున్నావో కూడా రాయి.

చెల్లి

అక్టోబరు 14

(కార్డు)

మొద్దుకి. కింద రాసింది మీ మరిదికి చూపించు. నువ్వు చదవకు. చూపించు.

"ఒరేయ్ బావా, మృదంగాన్ని అలమర ఎక్కించావట. దాని పక్కన నువ్వూ ఎక్కి కూర్చో, ఇద్దరిదీ ఒకటే పొట్ట. రెండు పేజీలు రాస్తే నిజమనుకున్నావా దున్నపోతా! నవంబరులో ఆ పిల్ల పాట మీద పడి బాదావో, నీ పది వేళ్ళూ విరిచి మా చెల్లెలి వయొలిన్ కమానుకి కడతాను. సాధన చేసి చావు."

నేను కచేరీకి రాను. ముందు వరసలో నేనుంటే ఆ పిల్ల నా మొహం చూసి పాడుతుంది. పాటని చూసి పాడాలి.

అన్నయ్య

నవంబరు 17

అన్నయ్యకి నమస్కారాలు.

కార్డు మీద రాశావు కాబట్టి ముందు పోస్టుమ్యాన్ చదివాడు. మరిదికి ఇచ్చేటప్పుడు "ఎవరో పాపం కోపంలో రాశారు, మనసులో పెట్టుకోకండి సార్" అన్నాడట. మరిది రెండుసార్లు చదువుకుని, స్టూలు వేసుకుని మృదంగం దించాడు. ఆ సాయంత్రమే సాధనకి వచ్చాడు. కార్డుకి ప్లాస్టిక్ కవరు వేయించాడు.

ఇక నిన్నటి కచేరీ. నువ్వు అడక్కపోయినా అంతా రాస్తాను.

హాలు ముప్పాతిక నిండింది. ముందు రెండు వరసల్లో ల్యాబు వాళ్ళు, వాళ్ళ వెనక పిట్ట చేత సూది పొడిపించుకున్నవాళ్ళు. మొదటి పాట శుభ్రంగా జరిగింది. అవగానే చప్పట్లు. మామూలు చప్పట్లు కాదు, ల్యాబు వాళ్ళు లేచి నిలబడి కొట్టారు. మనమెవరమూ ఆ సంగతి ఆలోచించలేదన్నయ్యా. పాడితే జనం చప్పట్లు కొడతారు! ఇన్నాళ్ళు తిట్లు కూడబెట్టుకున్నాం కానీ చప్పట్ల సంగతి ఎవరికీ తట్టలేదు.

నేను పక్కకి తిరిగి చూశాను. మొదటి రోజు మా హాల్లో చూసిన మొహమే. రెండో పాట గొంతులోనే పాడింది. దానికీ చప్పట్లు. పాపం, పిల్ల భయపడుతోందని వాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు. కల్యాణి మొదలుపెట్టి నాలుగు పలుకులకే ఆగిపోయింది. వేదిక పక్కన దిగే మెట్ల వైపు చూసింది. మరిది నా వైపు చూశాడు. కాగితం ఇంట్లో స్టాండుకి వేలాడుతోంది.

నాకేమైందో తెలీదు. వంగి పిట్ట కళ్ళలోకి చూశాను. "ఏమే! నా వయొలిన్ సంతలో తప్పిపోయిన పిల్లలా నీ వెనకాల ఏడ్చుకుంటూ తిరుగుతోంది, చెయ్యందిస్తావా లేదా? చప్పట్లు కొట్టింది వాళ్ళు, నేను కాదు! ఆ మెట్ల వైపు ఇంకోసారి చూశావంటే ఈ కమానుతో కాళ్ళు విరగ్గొడతాను. పాడు!"

వయొలిన్ మైకు నా గడ్డం కిందే ఉంది. హాలంతా వినబడింది.

మూడో వరసలో ఒక పెద్దాయన లేచి "ఆ పిల్లనేమీ అనకండమ్మా, బాగానే పాడుతోంది" అన్నాడు. మరిది తన మైకులోకి వంగి "మా వదిన అంతేనండీ, మీరు కూర్చోండి" అన్నాడు. జనం నవ్వారు. పిట్ట కూడా నవ్వింది, ఆ నవ్వులోంచే షడ్జం పట్టుకుంది.

తర్వాత అది పాడింది. పై గాంధారం మీద నిలబడినప్పుడు నేను కమాను ఎత్తేసి ఊరుకున్నాను. అక్కడ నేను కలపడానికి ఏమీ లేదు. ఆఖర్న చప్పట్లు చాలాసేపు మోగాయి. పిట్ట నా చీర కొంగు గుప్పిట్లో పట్టుకుని, అవి ఆగేదాకా కూర్చుంది.

ఇవాళ పేపర్లో రాశారు. రెండో పాటలో బెదురు కనిపించిందని, ఒకచోట తాళం జారిందని, వయొలిన్ విదుషి వేదిక మీద నోరు అదుపులో పెట్టుకోవాలని. మీ బావ ఆ చివరి వాక్యం నాలుగుసార్లు చదివి వినిపించారు. పిట్ట ఆ ముక్క కత్తిరించి ల్యాబులో తన బల్ల మీద అంటించుకుందట. మార్చిలో ఇంకో కచేరీకి ఒప్పుకుంది.

ఇప్పుడు నా మాట విను. పాడినన్నాళ్ళూ దానికి చప్పట్లు తప్పవు. ప్రతి ఊళ్ళో పక్కన కూర్చుని కాళ్ళు విరగ్గొడతానని నేను అరవలేను. ఆ భయం నేర్పింది నువ్వు, తీయాల్సింది కూడా నువ్వే. డిసెంబరులో సెలవు పెట్టి అక్కడికి వస్తోంది. పాడించుకుని, ఒక్కసారి, ఒకే ఒక్కసారి బాగుందని చెప్పు. అండీ అనకుండా చెప్పు.

చెల్లి

డిసెంబరు 12

మొద్దుకి,

నీ ఉత్తరం అందినప్పటి నుంచీ ఆ మాట సాధన చేశాను. అద్దం ముందు నిలబడి "బాగుంది" అంటుంటే దర్జీ పైకొచ్చాడు. తను కుట్టిన చొక్కా గురించేమో అనుకున్నాడట. చొక్కా బాగాలేదు, చంకల్లో పడుతుంది. ఆ మాటే చెప్పాను. అతనికి కోపం వచ్చింది. అతనికి మన లెక్క తెలీదు కదా.

పిట్ట నిన్న పొద్దున వచ్చింది. గదిలో ఇంకో నలుగురు కొత్త పిల్లలున్నారు. కల్యాణి పాడమన్నాను. పాడింది. నేను "బాగుంది" అన్నాను. సగం మాట దగ్గులో పోయింది, మిగతా సగం వినబడే ఉండాలి.

అది మెట్ల వైపు చూడలేదు. నా మొహంలోకి చూసి "తెలుసు మాస్టారూ. ఆ రోజు పాడుతుంటేనే తెలిసింది" అంది.

ఇంత కష్టపడి తెచ్చిన మాట దానికి ముందే తెలుసట. శ్రుతి పెట్టె సర్దుతూ కూర్చున్నాను.

"మీరు పాడండి మాస్టారూ, పూర్తి పాట విని చాలా రోజులైంది" అంది. పాఠంలో ముక్కముక్కగా పాడటమే కానీ ఈ మధ్య పిల్లల ముందు పూర్తిగా పాడటం మానేశాను. టౌన్‌హాల్లో పాడిందే పాడాను. చరణంలో సరిగ్గా అక్కడే గాలి వచ్చింది. కానిచ్చి ముగించాను. కొత్త పిల్లలు ఆహా అన్నారు. పిట్ట అనలేదు.

"ఏంటి మాస్టారూ ఆ చరణం? పంక్చరైన సైకిలెక్కి పందేనికి బయల్దేరినట్టు! ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఈ వయసులో మీకు నేను చెప్పాలా?"

అనేసి నాలుక కరుచుకుంది. పిల్లలు గోడకి అతుక్కుపోయారు. కింద మిషను ఆగింది.

చెల్లీ, నాన్న పోయాక నన్ను తిట్టినవాళ్ళు లేరు. అందరూ బాగుందనే అంటున్నారు. గొంతు బాగున్నప్పుడూ అన్నారు, పోతున్నప్పుడూ అంటున్నారు. సముద్రమని, పర్వతమని అంటుంటే వేదిక మీద కూర్చుని నేనేం విన్నానో నీకు వేరే చెప్పక్కర్లేదు. నా లెక్క తప్పే కావచ్చు, నాన్న దగ్గర నేను కుళ్ళుకున్న మాట కూడా నిజమే కావచ్చు. కానీ ఆ పిల్ల తిట్టగానే మోకాలి నొప్పి సంగతి మర్చిపోయి మఠం వేసుకుని కూర్చున్నాను.

"ఎక్కడ తీసుకోమంటావు?" అని అడిగాను. మొదటి మాట మధ్యలో తెంపకుండా, ఎత్తుకునే ముందే తీసుకోమంది. గొంతు ముదిరిపోయిందే అన్నాను. "సాకులు చెప్పకండి" అని తొడ మీద తాళం వేసింది. మధ్యాహ్నం దాకా పాడించింది. పిల్లలు ఒక్కొక్కరే అన్నానికి జారుకున్నారు.

ఇంకా పట్టుబడలేదు. రేపు రైలెక్కే ముందు వచ్చి వింటుందట. ఉంటాను, సాధన చేసుకోవాలి.

నీ అన్నయ్య